పురిటిబిడ్డకు ఎంటెరోవైరస్ ముప్పు: ఏం చూడాలి, ఎప్పుడు బయల్దేరాలి, డాక్టరుకి ఏం చెప్పాలి

ఇంట్లో మూడేళ్ళ పిల్లాడికి అరిచేతుల్లో, అరికాళ్ళలో, నోట్లో పొక్కులొచ్చాయి. డాక్టరు చూసి "హ్యాండ్ ఫుట్ మౌత్, వారంలో తగ్గిపోతుంది, టెన్షన్ పడకండి" అన్నారు. ఆ పిల్లాడి వరకు ఆ మాట నిజం. అదే ఇంట్లో పది రోజుల పురిటిబిడ్డ కూడా ఉంటే మాత్రం కాస్త టెన్షన్ పడాల్సిందే. కాకపోతే దేనికి పడాలో తెలిసి పడాలి.

హ్యాండ్ ఫుట్ మౌత్ తెచ్చేవి ఎంటెరోవైరస్‌లు. పోలియో వైరస్ కూడా ఈ కుటుంబానిదే. కాక్సాకీ ఏ, కాక్సాకీ బి, ఎకోవైరస్‌లు, ఎంటెరోవైరస్ 71 లాంటి నంబర్ల పేర్లు... అన్నీ కలిపితే వందకు పైగా రకాలు. 2022లో కేరళలో 'టొమాటో ఫ్లూ' అంటూ మన టీవీలు రోజుల తరబడి ఊదరగొట్టాయి, గుర్తుందా? అది కొత్త జబ్బేమీ కాదు, ఈ హ్యాండ్ ఫుట్ మౌతే. కేరళ వెళ్ళొచ్చిన పిల్లల నమూనాల్లో దొరికింది కాక్సాకీ ఏ16.

పెద్దవాళ్ళకు ఇవి సోకితే రెండ్రోజుల జ్వరం, గొంతు నొప్పి, విరేచనాలు. చాలాసార్లు సోకినట్టే తెలియదు. పుట్టిన నాలుగు వారాల లోపు సోకినా ఎక్కువమంది బిడ్డలు ఏ లక్షణమూ లేకుండానో, కొద్దిపాటి జ్వరంతోనో బయటపడతారు. కొద్దిమందిలో మాత్రం వైరస్ గుండె కండరానికో, కాలేయానికో, మెదడుకో పాకుతుంది. అప్పుడు ప్రతి గంటా విలువైనదే.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. బిడ్డకు వచ్చింది ఎంటెరోవైరసా, బాక్టీరియానా, హెర్పిస్ అనే మరో వైరసా అని ఇంట్లో ఎవరూ తేల్చలేరు. చూడగానే డాక్టర్లు కూడా చెప్పలేరు. మీ చేతిలో ఉన్న పనులు మూడు: వైరస్‌ను బిడ్డ దాకా రానివ్వకపోవడం, తేడా వస్తే తొందరగా పసిగట్టడం, ఇంట్లో ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చిందో ఆస్పత్రిలో పూర్తిగా చెప్పడం. మొదటి రెండూ అందరూ ఎంతోకొంత చేస్తారు. మూడోది దాదాపు అందరూ మర్చిపోతారు, డాక్టరుకి ఎక్కువ పనికొచ్చేది మాత్రం అదే.

1. కాన్పు దగ్గరపడ్డాక తల్లికి జ్వరం వస్తే దాచకండి

బిడ్డకు ఈ వైరస్ తరచుగా వచ్చేది తల్లి నుంచి, అదీ కాన్పు జరిగే రోజుల్లో. ఇందులో తల్లి తప్పేమీ లేదు. తల్లికి వైరస్ సోకాక ఆమె ఒంట్లో దానికి యాంటీబాడీలు తయారై, మాయ ద్వారా బిడ్డకు చేరడానికి కొంత వ్యవధి కావాలి. జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు కాన్పయితే బిడ్డ ఆ రక్షణతోనే పుడుతుంది. జ్వరం వచ్చిన రెండో రోజో నాలుగో రోజో కాన్పయితే బిడ్డకు వైరస్ అందుతుంది గానీ రక్షణ అందదు.

అందుకని తొమ్మిదో నెలలో జ్వరం, విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు, విడవని కడుపునొప్పి, వీటిలో ఏది వచ్చినా పారాసిటమాల్ వేసుకుని ఊరుకోకుండా గైనకాలజిస్టుకి చెప్పండి. ఈ వైరస్ వల్ల వచ్చే కడుపునొప్పి ఒక్కోసారి మాయ విడిపోతున్నట్టో, అపెండిసైటిస్ లాగో అనిపించి, హడావిడిగా ఆపరేషన్ దాకా తీసుకెళ్తుంది. ఇంట్లో ఇంకెవరికైనా అవే రోజుల్లో ఒంట్లో బాలేదంటే ఆ సంగతి డాక్టరుకి ఉపయోగపడుతుంది.

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సింది ముహూర్తం సిజేరియన్ల గురించి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. వాటిలో కొన్ని పంచాంగం చూసి తేదీ పెట్టుకున్నవి. ఆ తేదీకి రెండ్రోజుల ముందు తల్లికి జ్వరం తగిలిందనుకోండి. తల్లికీ బిడ్డకూ వేరే ప్రమాదం ఏమీ లేకపోతే కొన్ని రోజులు ఆగడం బిడ్డకు మేలు చేయవచ్చు. ఆగాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి, ఎందుకంటే జ్వరానికి కారణం ఉమ్మనీటి ఇన్‌ఫెక్షన్ లాంటిదైతే ఆగడమే ప్రమాదం. కానీ ఆ మాట ఎత్తాల్సింది మీరు. పంతులుగారు ఇంకో మంచి ఘడియ చూసిపెడతారు.

ఇంకొకటి. గైనకాలజిస్టుకి చెప్పిన మాట పిల్లల డాక్టరుకి చేరిపోయిందని అనుకోకండి. తల్లి ఫైలు వేరు, బిడ్డ ఫైలు వేరు. పుట్టిన రోజే పిల్లల డాక్టరుకి మీ నోటితో మీరే చెప్పండి.

జ్వరంగా ఉన్న తల్లి పాలివ్వడం మానాల్సిన పని లేదు. సబ్బుతో చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని ఇవ్వాలి. ఆ పాలతో బిడ్డకు యాంటీబాడీలు కూడా అందుతాయి.

2. ఇంటికి వచ్చాక, మొహమాటం పక్కన పెట్టి

చూడడానికి వచ్చేవాళ్ళను పూర్తిగా ఆపడం మన ఇళ్ళలో అయ్యే పని కాదు. పదకొండో రోజు పురుడు, ఇరవయ్యొకటో రోజు బారసాల ఉంటాయి. జ్వరం, జలుబు, విరేచనాలు, ఒంటి మీద పొక్కులు ఉన్నవాళ్ళను, వాళ్ళ పిల్లలను మాత్రం నెల నిండేదాకా ఆ గదిలోకి రానివ్వకండి. ఎలా చెప్పాలో తెలియక చాలామంది ఊరుకుంటారు. డాక్టరు మీదకి నెట్టేయండి: "పెద్దమ్మా, ఏమీ అనుకోవద్దు, నెల దాకా ముద్దులు పెట్టనివ్వద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు." ఏ డాక్టరూ కాదనరు.

చేతులు కడుక్కోవడం దగ్గర చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కరోనా రోజుల నుంచి గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా పెట్టడం అలవాటైంది. ఈ వైరస్‌ల మీద అది సరిగ్గా పనిచేయదు. కరోనా వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని కరిగించి వైరస్‌ను చెడగొడుతుంది. ఎంటెరోవైరస్‌లకు ఆ పొరే లేదు. కాబట్టి సబ్బు, పారే నీళ్ళు. సబ్బు ఈ వైరస్‌ను పెద్దగా చంపదు కానీ చర్మం మీది నుంచి ఊడగొట్టి నీళ్ళతో పంపించేస్తుంది. గోళ్ళ కింద, ఉంగరం కింద రుద్దుతూ కనీసం ఇరవై సెకన్లు. బిడ్డను ఎత్తుకునే ముందు ఎవరైనా సరే, తాతయ్యతో సహా.

నీళ్ళు పోసే ఆవిడ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆవిడ రోజూ నాలుగిళ్ళు తిరుగుతుంది. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె పట్టించి నీళ్ళు పోసే ఆ నేర్పు మనకెవరికీ లేదు, నిజమే. కానీ చాలామంది ఆవిడలు నీళ్ళు పోశాక బిడ్డ ముక్కులో, చెవుల్లో నోటితో ఊదుతారు. కఫం తీస్తామని గొంతులో వేలు పెట్టి తిప్పుతారు. ముక్కు, గొంతు, మలం ద్వారా పాకే వైరస్‌కి ఇంతకన్నా దగ్గరి దారి ఉండదు. ఊదడం, వేలు పెట్టడం రెండూ మొదటి రోజే వద్దని చెప్పేయండి. వచ్చీ రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోమనండి. ఆవిడకో, ఆవిడ పిల్లలకో జ్వరమొస్తే ఆ వారం రావద్దని, డబ్బులు మాత్రం తగ్గించబోమని చెప్పండి. డబ్బులు కోస్తారని భయపడితే జ్వరం సంగతి చెప్పదు.

అలాగే నాలుక మీద తేనె, అరగదీసిన వసకొమ్ము, గ్రైప్ వాటర్, ఉగ్గుగిన్నెతో నీళ్ళు, ఇవేవీ వద్దు. ఆరు నెలలు తల్లిపాలే. నోట్లోకి వెళ్ళే ప్రతి వేలూ, ప్రతి గిన్నే వైరస్‌కి ఒక దారి.

పెద్ద పిల్లాడికి పొక్కులొచ్చిన ఇల్లయితే వాడి పనులు తల్లి కాకుండా ఇంకొకరు చూసుకుంటే మంచిది. రెండు గదుల ఇంట్లో పూర్తిగా వేరు చేయడం కుదరదు, ఆ సంగతి తెలుసు. కుదిరినంతలో వాడి గ్లాసు, చెంచా, తువ్వాలు, పక్క వేరు చేయండి. తమ్ముణ్ణి ముట్టుకుంటానని ఏడుస్తుంటే పొక్కులు తగ్గాక, చేతులు కడిగి పాదాలు ముట్టుకోనివ్వండి. మొహం, చేతులు వద్దు, బిడ్డ చేతులు నోట్లోకే పోతాయి. పొక్కులు ఎండిపోయాయంటే వైరస్ పోయినట్టు కాదు. గొంతులో ఒకటి నుంచి మూడు వారాలు, మలంలో ఇంకా చాలా వారాలు ఉంటుంది. వాడికి కడిగిన ప్రతిసారీ మీ చేతులు సబ్బుతో కడుక్కోవాల్సిందే.

3. డయపర్లు, గుడ్డలు

మార్చిన డయపర్‌ని లోపలికి మడిచి, కవర్లో ముడివేసి, మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి. మంచం కింద పెట్టి తర్వాత తీద్దామనుకోవద్దు. గుడ్డలు వాడేవాళ్ళు మలం కడిగేశాక వేణ్ణీళ్ళలో ఉడికించి, ఎండలో ఆరేయండి. మరిగే నీళ్ళకు ఈ వైరస్ చచ్చిపోతుంది, ఎండ కూడా సాయం చేస్తుంది. డయపర్ మార్చే చోటు, బాత్రూమ్ కుళాయి, తలుపు గడియ లాంటివి బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో తుడవాలి. బ్లీచింగ్ వాసన బిడ్డ పీల్చకూడదు కాబట్టి ఆ పని చేసేటప్పుడు బిడ్డ వేరే గదిలో ఉండాలి.

4. రోజూ గమనించాల్సినవి: పాలు, ఒళ్ళు, ఊపిరి

అన్నిటికన్నా ముందు పాలు. పురిటిబిడ్డ ఇరవై నాలుగు గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. ఐదో రోజు దాటాక కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తుంది. నిన్నటిదాకా గట్టిగా చప్పరించిన బిడ్డ ఇవాళ రొమ్ము అందించినా నోరు తెరవకపోవడం, రెండు చప్పరింతలకే వదిలేసి మగతగా పడుకోవడం, వరసగా రెండుసార్లు పాలు పట్టకపోవడం చాలాసార్లు జ్వరం కన్నా ముందే కనిపిస్తాయి. "బంగారు తల్లి, ఇవాళ అస్సలు ఏడవలేదు, హాయిగా పడుకుంది" అని మురిసిపోయే రోజే ఒక్కోసారి అనుమానించాల్సిన రోజు.

తర్వాత ఉష్ణోగ్రత. చేత్తో తాకి చూస్తే మీ చెయ్యి వేడో చల్లదనమో కూడా అందులో కలుస్తుంది. మందుల షాపులో డిజిటల్ థర్మామీటర్ కొనండి. చంకలో తడి తుడిచి, థర్మామీటర్ కొన సరిగ్గా చంక గుంటలో, చర్మానికి ఆనేలా పెట్టి, బిడ్డ చేతిని పక్కకు దగ్గరగా పట్టుకుని బీప్ వచ్చేదాకా ఉంచండి. మధ్యలో గుడ్డ అడ్డం రాకూడదు. చంకలో 97.7 నుంచి 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే మామూలే.

99.5 దాటిందనుకోండి. ముందు బిడ్డ మీద ఏమేం ఉన్నాయో చూడండి. మే నెలలో కూడా ఫ్యాను ఆపేసి, టోపీ, సాక్సులు, పొత్తిగుడ్డలు, పైన దుప్పటి కప్పే ఇళ్ళు మనవి. ఒక పొర వదిలించి, చల్లనీళ్ళతో తుడవడం లాంటివేం చేయకుండా, ఇరవై నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. అప్పటికీ 99.5 పైనే ఉంటే డాక్టరు దగ్గరికి. మొదటిసారే 100.4 చూపిస్తే మళ్ళీ చూడడం లేదు, పొరలు తీయడం లేదు, బయల్దేరడమే. పెద్దపిల్లలకు 100.4 చిన్న జ్వరం. నెల లోపు బిడ్డకు అది ఎమర్జెన్సీ.

ఇన్‌ఫెక్షన్ వస్తే పురిటిబిడ్డకు జ్వరమే రావాలని లేదు, ఒళ్ళు చల్లబడనూ వచ్చు. 97.7 కన్నా తగ్గితే బిడ్డను తల్లి గుండెల మీద చర్మానికి చర్మం ఆనేలా వేసి, పైన కప్పి, అరగంట తర్వాత చూడండి. పెరగకపోతే అదీ ఆస్పత్రి కేసే. 95.9 కన్నా తక్కువుంటే అరగంట కూడా ఆగొద్దు, గుండెల మీద వేసుకునే బయల్దేరండి.

ఊపిరి లెక్కపెట్టడం: బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో ఫోన్లో టైమర్ పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కేసి రెండుతో గుణించొద్దు. పురిటిబిడ్డల ఊపిరి సమంగా ఉండదు, కాసేపు గబగబా తీసి, ఐదారు సెకన్లు ఆగి, మళ్ళీ తీస్తారు. అది మామూలే. నిమిషానికి అరవై, అంతకన్నా ఎక్కువ వస్తే ఇంకోసారి లెక్కపెట్టండి. రెండోసారీ అంతే ఉంటే వెళ్ళాలి.

5. ఇవి కనిపిస్తే వెంటనే బయల్దేరండి

- పాలు పట్టకపోవడం, లేపినా సరిగ్గా లేవకపోవడం, చేతులు కాళ్ళు వేలాడేయడం
- చంకలో 100.4 లేదా పైన. లేదా వెచ్చబెట్టినా ఒళ్ళు చల్లగానే ఉండడం
- ఊపిరి నిమిషానికి అరవై లేదా పైన, డొక్కలు లోపలికి లాక్కుపోవడం, మూలుగు, ఊపిరి ఆగి ఒళ్ళు నీలం తిరగడం
- ఫిట్స్. పురిటిబిడ్డల్లో ఇవి పెద్దవాళ్ళలాగా ఉండవు. ఊరికే చప్పరింపు, సైకిల్ తొక్కినట్టు కాళ్ళు ఆడించడం, కళ్ళు ఒకవైపే నిలిచిపోవడం కూడా కావచ్చు. ఫోన్లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి
- బొడ్డు నుంచి, సూది వేసిన చోటు నుంచి రక్తం ఆగకుండా కారడం, చర్మం మీద ఎర్రటి చుక్కలు, నల్లటి మచ్చలు
- అరిచేతులు, అరికాళ్ళ దాకా పసుపు. కామెర్లు చాలామంది బిడ్డలకు వస్తాయి, చాలావరకు ప్రమాదం లేనివే. మొదటి రోజే వచ్చినా, అరికాళ్ళ దాకా పాకినా, పాలు మానేసిన బిడ్డకు వచ్చినా వేరే సంగతి
- ఒళ్ళు బూడిదరంగుగా పాలిపోవడం, పాలు తాగుతుంటే చెమటలు. గుండెకు పాకినప్పుడు ఇలా ఉండొచ్చు
- పొట్ట ఉబ్బడం, ఆకుపచ్చ వాంతి, ఎంత ఎత్తుకున్నా ఆగని కీచు ఏడుపు

దద్దుర్లు ఒక్కటే ఉండి, బిడ్డ పాలు బాగా తాగుతుంటే, జ్వరం లేకపోతే, అదే రోజు పిల్లల డాక్టరుకి చూపిస్తే చాలు, అర్ధరాత్రి పరిగెత్తక్కర్లేదు.

బయల్దేరే ముందు పారాసిటమాల్ చుక్కలు వేయకండి. జ్వరం కప్పిపుచ్చుతుంది, కాలేయం దెబ్బతింటున్న బిడ్డకైతే అదనపు భారం. పెద్ద పిల్లాడికి మిగిలిపోయిన యాంటీబయాటిక్ సిరప్ అసలే వద్దు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించి చూద్దామనుకోవద్దు. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, అర నిమిషం పని, దాని కోసం తెల్లారేదాకా మాత్రం ఆగకండి. 108కి ఫోన్ చేయండి. దారిలో బిడ్డ తల్లి గుండెల మీదే ఉండాలి, చప్పరిస్తుంటే పాలిస్తూ ఉండాలి.

ఎక్కడికి? చుట్టుపక్కల పురిటిబిడ్డల ఐసీయూ ఉన్న చోటుకి. జిల్లా ఆస్పత్రుల్లో ఎస్‌ఎన్‌సీయూ పేరుతో ఇది ఉంటుంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో జబ్బుచేసిన పురిటిబిడ్డకు వైద్యం, మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. ఆవిడ నంబరు ఫోన్లో పెట్టుకుని ఉంటే ఏ ఆస్పత్రికి వెళ్ళాలో తేల్చుకోవడం సులువవుతుంది.

6. ఆటోలో కూర్చునే రాయాల్సిన కాగితం

క్యాజువాలిటీలో అడిగే మొదటి ప్రశ్న "ఏమైంది?" మన జవాబు "పాలు తాగట్లేదండి." అక్కడితో కథ అయిపోతుంది. కంగారులో ఇంకేమీ గుర్తురావు. అందుకని దారిలోనే ఒక కాగితం మీదో, ఫోన్లోనో తేదీలతో రాసుకోండి. ఇదిగో, నమూనాకి ఒకటి:

"మార్చి 3: పెద్దబ్బాయికి జ్వరం. 5న అరిచేతుల్లో, నోట్లో పొక్కులు. ప్లేస్కూల్లో ఇంకొందరికి కూడా.
మార్చి 8: అమ్మకు 101 జ్వరం, విరేచనాలు.
మార్చి 10: సిజేరియన్, 37 వారాలు, 2.6 కిలోలు. అమ్మకు హెర్పిస్ పొక్కులు లేవు. ఉమ్మనీరు ముందుగా పోలేదు.
మార్చి 11: పోలియో చుక్కలు, బీసీజీ.
మార్చి 14: పొద్దున 6కి, 8కి పాలు పట్టలేదు. 9కి చంకలో 100.8. రాత్రి నుంచి మూత్రం ఒక్కసారే. మందులేమీ వేయలేదు."

ఇది చదివిన డాక్టరుకి మామూలు సెప్సిస్ (రక్తంలోకి పాకిన బాక్టీరియా ఇన్‌ఫెక్షన్) అనుమానంతో పాటు ఎంటెరోవైరస్ కూడా వెంటనే తడుతుంది. ఇది లేకపోతే మూడో రోజు కల్చర్లు (బాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షలు) నెగెటివ్ వచ్చాక గానీ తట్టకపోవచ్చు. ఈ లోపు వార్డులో పక్క బిడ్డలకు పాకకుండా విడిగా పెట్టాలన్న ఆలోచనా ఆలస్యమవుతుంది. పురిటిబిడ్డల వార్డులో ఈ వైరస్ సిబ్బంది చేతుల ద్వారా ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు పాకగలదు.

కవలలైతే రెండో బిడ్డ బాగానే ఉన్నా ఇద్దర్నీ తీసుకెళ్ళండి. ఎందుకో కింద చెప్తాను.

7. ఆస్పత్రిలో ఏం జరుగుతుంది

చేర్చుకోగానే రక్తం తీస్తారు, సెలైన్ పెడతారు, యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు. "వైరస్ అంటున్నారు, మళ్ళీ యాంటీబయాటిక్ ఎందుకు?" అని చాలామంది పోట్లాడతారు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు, నిజమే. కానీ మొదటి రోజు బాక్టీరియా కాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది బాక్టీరియా అయితే ఆగినందుకు బిడ్డ ప్రాణమే పోవచ్చు. హెర్పిస్ అనుమానం ఉంటే అసైక్లోవిర్ కూడా ఇస్తారు, అదీ అందుకే. రిపోర్టులు వచ్చాక అక్కర్లేనివి ఆపేస్తారు.

వెన్నులో నీరు తీసే పరీక్షకు సంతకం పెట్టమన్నప్పుడు ఇంట్లో సగం మంది వద్దంటారు. వెన్ను దెబ్బతింటుంది, కాళ్ళు పడిపోతాయి అన్న భయం. సూది పెట్టేది వెన్నుపాము ముగిసిపోయిన చోటికి కింద. మెదడు పొరల దాకా ఇన్‌ఫెక్షన్ వెళ్ళిందో లేదో తెలుసుకోవడానికి దీనికి సాటి పరీక్ష లేదు. సంతకం పెట్టండి. బిడ్డ ఊపిరి నిలకడగా లేకపోతేనో, రక్తం గడ్డకట్టకపోతేనో డాక్టర్లే వాయిదా వేస్తారు.

ఎంటెరోవైరస్‌ని పట్టేది పీసీఆర్ పరీక్ష. రక్తం, వెన్ను నీరు, గొంతు, మలం నమూనాల మీద చేస్తారు. ఇక్కడ మన దేశంలో ఒక మెలిక ఉంది. పుట్టగానే వేసే పోలియో చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన పోలియో వైరస్, అదీ ఎంటెరోవైరసే. అది కొన్ని వారాలు బిడ్డ మలంలో కనిపిస్తుంది. కాబట్టి మలం పరీక్ష ఒక్కటే పాజిటివ్ అయితే అది టీకా వైరస్ కూడా కావచ్చు. రక్తంలోనో వెన్ను నీటిలోనో పాజిటివ్ అయితే ఆ ఫలితానికి బలం ఎక్కువ. చుక్కలు వేసిన తేదీ కాగితంలో రాయమన్నది ఇందుకే. చుక్కల వల్ల బిడ్డకు జబ్బు వచ్చిందని మాత్రం దీని అర్థం కాదు, ఆ చుక్కలు మానొద్దు. అలాగే పోలియో చుక్కలు వేశాం కదా అని మిగతా ఎంటెరోవైరస్‌ల నుంచి రక్షణ ఉండదు.

కాలేయం రీడింగులు, రక్తం గడ్డకట్టే పరీక్ష, ప్లేట్‌లెట్లు మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. బిల్లు పెంచడానికని అనుకోకండి, ఈ జబ్బులో గంటల్లో మారేవి అవే. గుండె చూడడానికి ఎకో తీస్తారు.

ఈ వైరస్‌లకు ఆమోదం పొందిన ప్రత్యేక మందు లేదు. ఊపిరికి, గుండెకు, కాలేయానికి ఆసరా ఇస్తూ బిడ్డ ఒళ్ళు వైరస్‌ను గెలిచేదాకా నిలబెట్టడమే వైద్యం. తీవ్రంగా ఉన్న బిడ్డలకు ఐవీఐజీ అనే యాంటీబాడీల ఇంజెక్షన్ ఇస్తారు. ఖరీదైనది, కచ్చితంగా పనిచేస్తుందన్న గట్టి రుజువు లేదు. అయినా ఇవ్వడానికి కారణాలు ఉండొచ్చు. డాక్టరుని అడగండి, అడగడం తప్పు కాదు.

ఇక కవలల సంగతి. 2022 జులై నుంచి 2023 ఏప్రిల్ మధ్య ఫ్రాన్స్‌లో ఎకోవైరస్ 11 కొత్త రకం తొమ్మిది మంది పురిటిబిడ్డలకు తీవ్రంగా సోకింది. అందరూ మగపిల్లలే, ఎనిమిది మంది కవలలు. కవలలైతే ఇద్దర్నీ తీసుకెళ్ళమన్నది ఇందుకే. జబ్బు బయటపడేటప్పటికి వాళ్ళ వయసు మూడు నుంచి ఐదు రోజులు. కాలేయం పాడై ఏడుగురు చనిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో దేశాలను హెచ్చరించింది. ఇది చదివి గుండె ఆగక్కర్లేదు. అదే దేశంలో 2016 నుంచి 2021 వరకు లెక్కకెక్కిన 1,774 మంది పురిటిబిడ్డల ఎంటెరోవైరస్ కేసుల్లో మరణాలు ఏడు. కొత్త రకం తిరిగిన 2022, 2023ల్లో 496కి ఎనిమిది. అంటే ఆ గడ్డు కాలంలో కూడా నూటికి తొంభై ఎనిమిది మంది బతికి బయటపడ్డారు. ప్రమాదం ఎక్కువ ఎవరికంటే మొదటి వారంలోనే లక్షణాలు మొదలైనవాళ్ళకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి, కాన్పు రోజుల్లోనే తల్లికి జబ్బు చేసినవాళ్ళకి.

ఒక్కోసారి ఇది రెండు విడతల్లో వస్తుంది. కొంచెం జ్వరం వచ్చి, తగ్గి, బిడ్డ ఒకట్రెండు రోజులు బాగానే ఉండి, మళ్ళీ హఠాత్తుగా దిగజారుతుంది. "నిన్ననే తగ్గింది కదా, ఇంటికి పంపండి" అని డాక్టరు మీద ఒత్తిడి తేవొద్దు. సొంత పూచీ మీద సంతకం పెట్టి తెచ్చేసుకోవద్దు.

8. ఇంటికి తెచ్చుకున్నాక

బిడ్డ మలంలో వైరస్ ఇంకా వారాల తరబడి వస్తూనే ఉంటుంది. కాబట్టి మూడో అంశంలో చెప్పిన డయపర్ల జాగ్రత్త ఇప్పుడు ఇంట్లోవాళ్ళ కోసం కొనసాగుతుంది. మరో బాలింతో, నిండు గర్భిణో ఉన్న ఇంటికి బిడ్డను తీసుకెళ్ళే ప్రోగ్రాములు వాయిదా వేసుకోండి. ఆడపడుచు కూడా పురిటికి పుట్టింటికి వచ్చి ఉంటే ఈ మాట మరీ ముఖ్యం.

డిశ్చార్జి కాగితంలో మూడు విషయాలు ఉన్నాయో లేదో చూసుకోండి: ఏ నమూనాలో వైరస్ దొరికింది, ఏ అవయవానికి పాకింది, తర్వాత ఎప్పుడు ఏ పరీక్షకు రావాలి. గుండెకు పాకిన బిడ్డకు ఎకో మళ్ళీ తీయించాలి. మెదడు పొరలకు పాకిన బిడ్డలు చాలావరకు బాగా కోలుకుంటారు, అయినా వినికిడి పరీక్ష చేయించి, మెడ నిలపడం, నవ్వడం, బోర్లా పడడం వేళకు వస్తున్నాయో లేదో ప్రతిసారీ డాక్టరుతో చూపించుకోవాలి.

ఆరో వారం టీకాలు సాధారణంగా ఆపక్కర్లేదు. ఐవీఐజీ ఇచ్చి ఉంటే మాత్రం ఆ తేదీ, మోతాదు టీకా కార్డు మీద రాయించుకోండి. అందులోని యాంటీబాడీలు నెలల తరబడి ఒంట్లో ఉండి, తొమ్మిదో నెలలో వేసే తట్టు, రుబెల్లా టీకాను పనిచేయనివ్వకపోవచ్చు. అప్పటికి ఏఎన్‌ఎం మారిపోయి ఉండొచ్చు, కార్డు చూపించి డాక్టరుతో కొత్త తేదీ వేయించుకోండి.